లాభం నుంచి అరవై దాకా

ఆట తప్పుగా నేర్పాలని గుల్జార్ బేగం పొద్దున టీ నీళ్లు పొయ్యి మీద పెట్టినప్పుడే నిర్ణయించుకుంది. కాస్తో కూస్తో తప్పు కాదు. వినేవాళ్లకి ఒళ్లు మండేంత తప్పు.

వినాల్సిన మనిషి, ఆమె భర్త ఇమాం హుస్సేన్, వసారాలో నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఇమాం హుస్సేన్ తండ్రి భుజాన విల్లు వేసుకుని ఊరూరా దూది ఏకినవాడు. కొడుకు పెద్దయ్యేసరికి అద్దంకి రోడ్డులో, పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లు వచ్చి, విల్లు అటక ఎక్కింది. ముప్పై ఒక్క ఏళ్లు ఇమాం హుస్సేన్ ఆ మిల్లులో కాటా వేశాడు. పత్తి బోరేలు ఒక్కొక్కటే కాటా ఎక్కి దిగుతుంటే "లాభమూ... రెండూ... మూడూ..." అని రాగం తీస్తూ లెక్క చెప్పేవాడు. కాటా దగ్గర ఎవరూ ఒకటి అనరు. మొదటి తూకానికి లాభం అనే అంటారు. ఎదురుగాలి లేని రోజు ఆ గొంతు రోడ్డు దాకా వినపడేది.

కిందటి నవంబరులో, సీజను ముమ్మరంగా ఉన్నప్పుడు, ఆ కాటా పక్కనే కుడిచెయ్యి వేలాడిపోయి కూలబడ్డాడు. ఒంగోలు ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులు ఉంచారు. కాలు చాలావరకు తిరిగొచ్చింది. చేతికర్ర పట్టుకుని దొడ్లోకి వెళ్లొస్తాడు. మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. అంకెలు మాత్రం చెదిరిపోయాయి. పన్నెండు అనబోయి ఇరవై అనేవాడు. అన్న వెంటనే తప్పన్నానని ఆయనకే తెలిసేది. అదే పెద్ద కష్టమైంది. తెలియకపోయినా బాగుండేదని గుల్జార్ బేగం ఒకటి రెండు సార్లు అనుకుని, అలా అనుకున్నందుకు నొచ్చుకుంది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒక మాట చెప్పాడు. తిరిగొచ్చేది చాలావరకు ఆరు నెలల్లోనే వస్తుందట. మాట్లాడిస్తూ ఉండమన్నాడు. చేతికి, నోటికి అలవాటైన పనేదైనా చేయిస్తూ ఉండమన్నాడు. ఇప్పుడు మార్చి దాటబోతోంది. నాలుగు నెలలు పైనే అయిపోయాయి. మనిషేమో జనవరి నుంచి నోరే విప్పడం లేదు.

జనవరిలో జరిగింది చిన్న విషయమే. కొడుకు మాలిక్, నాన్నకి ఉత్సాహంగా ఉంటుందని, అలమార పైనుంచి వరస ముక్కలు దించాడు.

వరస ఆ ఇంటి ఆట. లాభం నుంచి అరవై దాకా అంకెలు వేసిన అట్టముక్కలు. పెళ్లయిన మొదటి ఏడు, మిల్లులో బేళ్లకు కట్టే అట్టల్లో పాడైనవి ఏరుకొచ్చి, ఒకే కొలతకు కత్తిరించి, బేళ్ల మీద గుర్తులేసే నల్లరంగుతో ఇమాం హుస్సేనే అంకెలు వేశాడు. ఆరు తలకిందులైతే తొమ్మిది అయిపోతుందని వాటి అడుగున ఎర్రగీత గీశాడు. గుల్జార్ బేగం బడి మొహం చూసిన మనిషి కాదు. ఆ ముక్కల మీదే అంకెలు నేర్చుకుంది. నేర్చుకున్న నాలుగో నెలలో మొగుణ్ణి ఓడించింది. ఆ సంగతి ఆయనే మిల్లులో అందరికీ చెప్పుకున్నాడు.

మనిషికి పది ముక్కలు పంచుతారు. వాటిని చేత్తో పట్టుకోరు. ఎండిన జొన్న దంటును నిలువునా చీల్చి, లోపలి బెండులో బ్లేడుతో పది గాట్లు పెడతారు. ఒక్కో గాట్లో ఒక్కో ముక్క, అంకె తన వైపు ఉండేలా నిలబెట్టుకోవాలి. మొదట వచ్చింది ఎడమ చివర, ఆఖర్న వచ్చింది కుడి చివర. వచ్చిన చోటే ఉండాలి. తన ముక్కలే కదా అని ఇటుది అటు జరపడానికి లేదు. మధ్యలో బోర్లించిన దొంతిలోంచి ఒకటి తీసుకోవచ్చు, లేదా పక్కవాళ్లు పడేసింది తీసుకోవచ్చు. దాన్ని తన పదింట్లో ఏదో ఒకదాని చోట పెట్టి, అక్కడున్నదాన్ని పడెయ్యాలి. ఎడమ నుంచి కుడికి చిన్నంకె నుంచి పెద్దంకె దాకా ఎవరివి ముందు సర్దుకుంటే వాళ్లు "వరస" అంటారు. ఆట అంతే. కానీ దంటు మీద పనికిరాని ముక్క ఎక్కడో నడుమ కూర్చుని కదలనంటే, దాని చుట్టూ మిగతా తొమ్మిదీ ఓపిగ్గా సర్దుకురావడంలోనే ఉంది కిటుకంతా.

జనవరిలో ఆ రోజు ఇమాం హుస్సేన్ పద్నాలుగుకు ముందు నలభై ఒకటి పెట్టాడు. మాలిక్ మెల్లగా చెప్పాడు. ఇంకో ముక్క దగ్గర మళ్లీ చెప్పాడు. మూడోసారి చెప్పలేదు, చెయ్యి చాపి తనే తీసి సరైన చోట పెట్టాడు. ఇమాం హుస్సేన్ కొడుకు చేతి వంక ఒక నిమిషం చూసి, దంటును మంచం కిందికి తోసి, గోడవైపు తిరిగాడు. అప్పట్నుంచి అటే.

ఫిబ్రవరిలో మాలిక్ నిఖా జరిగింది. ముందే అనుకున్న సంబంధం. కోడలు అర్ఫా సింగరాయకొండ పిల్ల, ఇంటరు చదివింది, మాట నెమ్మది. ఆ పిల్లకు ఆట రాదు. ఇంటికి కొత్తగా వచ్చిన మనిషికి ఆట నేర్పే పని ఎప్పుడూ ఇమాం హుస్సేన్‌దే. ఒకసారి బంధువుల ఇంటి పెళ్లిలో ఎవరో పిల్లలకి వరస తప్పుగా చెబుతున్నారని చెవిన పడితే, బిర్యానీ ముందు నుంచి లేచి చేతులు కడుక్కుని వెళ్లి మరీ సరిచేసి వచ్చాడు. ఆ బిర్యానీ గుర్తొచ్చే గుల్జార్ బేగంకి ఈ ఆలోచన పుట్టింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మంచానికి రెండు బారల దూరంలో చాప పరిచింది. కొత్త దంట్లు తనే చీల్చింది. గాట్లు పెట్టడం ఎప్పుడూ ఆయన పనే కావడంతో అవి వంకరగా పడ్డాయి. మూడో మనిషిగా పక్కింటి పున్నమ్మను పిలిచింది. పున్నమ్మ పక్క ఖాళీ స్థలంలో మిరపకాయలు ఆరబోసుకుని, రెండింటికి ఒకసారి తిరగేసి, చేతులు మూడుసార్లు రుద్ది కడుక్కుని వస్తుంది. ఇరవై ఏళ్లుగా ఈ చాప మీద ఆడుతున్న మనిషి. ఆమెకు అసలు సంగతి ముందుగా చెప్పలేదు. పున్నమ్మకు చెప్పిన రహస్యం మైకులో చెప్పినట్టే.

"వచ్చిన ముక్కల్ని ముందు మన ఇష్టమొచ్చినట్టు సర్దుకోవాలమ్మా," అని గుల్జార్ బేగం కోడలికి గట్టిగా చెప్పింది.

పున్నమ్మ కళ్లు పెద్దవి చేసింది. "అదేంటి వదినా, సర్దుకుంటే ఇంక ఆడేదేముంది? నాకు ఎండదెబ్బ తగిలిందా, నీకు తగిలిందా?"

గుల్జార్ బేగం ఆమె తొడ మీద గిల్లింది. పున్నమ్మ అబ్బా అని, వదిన మొహం చూసి, వదిన చూపు వెళ్లిన మంచం వంక చూసి, నోరు మూసుకుంది. ఒక్క నిమిషమే. తర్వాత ఆమే అందుకుంది. "అవునులే, సర్దుకోవడమే. నేనే మర్చిపోయా," అంది, ఊరంతా వినపడేలా.

మంచం మీద ఏమీ కదలలేదు.

మర్నాడు పెద్దంకె నుంచి చిన్నంకెకి దిగాలని నేర్పింది. ఆయనకి మడమ నులక మీద రుద్దుకునే అలవాటు. ఆ మాటకి మడమ ఆగింది. అంతకన్నా ఏమీ లేదు. అయినా గుల్జార్ బేగం రాత్రి నమాజులో ఆ ఆగిన మడమ కోసం ప్రత్యేకంగా శుక్రియా చెప్పుకుంది. మూడో రోజు మనిషికి ఎనిమిది ముక్కలే అంది. నాలుగో రోజు ఒకేసారి మూడేసి తీసుకోవచ్చంది. ఆ రోజు పున్నమ్మ మజ్జిగ తెచ్చి, ఏమీ అడక్కుండా సగమే పోసిన గ్లాసును ఆయన ఎడమచేతికి అందించి, తాగేదాకా అటు తిరిగి నిలబడింది. ఒలికినా ఎవరూ చూడకూడదని. పెద్ద నోరున్న మనిషికి ఇంత ఇంగితం ఎక్కడ దాగి ఉంటుందో అనుకుంది గుల్జార్ బేగం.

మాలిక్‌కి ఇదంతా నచ్చలేదు. అద్దంకిలో మోటార్ల వైండింగు షాపులో పని చేసి ఇంటికొచ్చిన కొడుకు, అన్నం తింటూ, నాన్నని ఎందుకమ్మా ఏడిపిస్తావు అన్నాడు.

"ఏడవనీ," అంది ఆమె. "ఏడవడానికైనా ఇటు తిరుగుతాడు. గోడకేసి చూస్తూ ఆయన బాగున్నాడని ఎవరు చెప్పారు నీకు?"

మాలిక్ కంచంలో మిగిలిన మెతుకులు ఒక పక్కకి చేర్చాడు. జనవరి సంగతి వాడి మనసులో కూడా ముల్లులా ఉందని ఆమెకు తెలుసు. అందుకే ఆ మాట పెంచకుండా వాడికి ఇంకాస్త కూర వడ్డించింది.

అయిదో రోజు గాలి పడమటికి తిరిగి మిరప ఘాటు అటు పోయింది. వసారాలో హాయిగా ఉంది. ఆ హాయికి ఇమాం హుస్సేన్ నిజంగానే నిద్రపోయాడు. ఆ రోజు కొత్త తప్పు చెప్పినా వృథా అని ఆపేసింది. డాక్టరు చెప్పిన గడువులో ఇంకొక రోజు పోయింది. ఆమె చాప చుట్టేస్తూ, రేపు ఇదే వేళకి రండి అంది. అర్ఫా, పున్నమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు గానీ రామని అనలేదు.

ఆరో రోజుకి అర్ఫా తల తిరిగిపోయి ఉంది. రోజుకో ఆట నేర్చుకుంటున్న పిల్ల. దంటు మీద ముక్కలు నిలబెట్టుకుంటూ, ఒకదాన్ని పట్టుకుని ఆగింది.

"అత్తమ్మా, నాకు ఒకటి వచ్చింది. ఇవాళ ఒకటి పెద్దదా, చిన్నదా?"

"లాభం."

ముగ్గురూ ఒక్కసారే అటు చూశారు. ఇమాం హుస్సేన్ గోడ వదిలి వెల్లకిలా తిరిగి ఉన్నాడు. మొహం ఎర్రగా ఉంది. అర్ఫాకి అర్థం కాలేదు.

"ఏంటి మామయ్యా?"

ఆయన ఎడమచేతి చూపుడువేలు ఎత్తాడు. "లాభం," అన్నాడు మళ్లీ, చిన్నపిల్లకి చెప్పినట్టు. ఆ మాట అక్కడితో ఆగలేదు. ముప్పై ఒక్క ఏళ్లు దాని వెనకే మిగతావి వచ్చేవి, ఇప్పుడూ వచ్చాయి. "లాభమూ... రెండూ... మూడూ... నాలుగూ..." గొంతు బొంగురుగా ఉంది, రాగం మాత్రం మిల్లు రాగమే. పున్నమ్మ ఏదో అనబోతే గుల్జార్ బేగం ఆమె మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. పదకొండు వచ్చింది. పదకొండు వెనక పన్నెండు వచ్చింది. ఇరవై రాలేదు. పంతొమ్మిది వెనక ఇరవై దాని చోట అది వచ్చింది. ఇరవై ఆరు దగ్గర ఊపిరి చాలక ఆగాడు.

ఆగి, తను అంత దూరం వచ్చాడని తనకే తెలిసి, అయోమయంగా చూశాడు.

గుల్జార్ బేగం లేచింది. దొంతి వెతికి పదిహేడు తీసి ఆయన కళ్లముందు పట్టుకుంది. ఇదెంత అని అడిగింది. ఆయన పెదవులు కదిలాయి.

"డెబ్బై."

తప్పని ఆయనకి తెలిసింది. మొహం మబ్బు పట్టింది. తల మెల్లగా గోడవైపు తిరగబోయింది.

"అట్లా కాదండీ," అంది గుల్జార్ బేగం. "పేరు చెప్పొద్దు. కాటా వెయ్యండి." మంచం పట్టె మీద అరచేత్తో ఒక దెబ్బ వేసింది, బోరెం కాటా మీద పడ్డట్టు. "లాభమూ..."

ఆయన ఆమెను చూశాడు. మిల్లు గేటు కూడా దాటని మనిషి కాటా పాడుతోంది, అదీ శ్రుతి లేకుండా. రెండో దెబ్బకి ఆయనే అందుకున్నాడు. ఒక్కో దెబ్బకి ఒక్కో అంకె. కళ్లు ముక్క మీదే ఉన్నాయి. "పదిహేనూ... పదహారూ... పదిహేడూ..." అక్కడ ఆగాడు. ముక్క మీది అంకెను వేలితో తాకాడు.

"పదిహేడు," అన్నాడు, రాగం లేకుండా.

పున్నమ్మ కొంగుతో కళ్లు తుడుచుకోబోయి, మిరపకాయలు తగిలిన కొంగని గుర్తొచ్చి ఆగిపోయింది.

తర్వాత పని చకచకా జరిగింది. ఆయన్ని మంచం అంచున కూర్చోబెట్టి, ఎదురుగా స్టూలు వేసి, దాని మీద దంటు పెట్టారు. మొదటి ముక్క నిలబెడితే పక్కకి వాలిపోయింది. ఆయన ఆ వంకర గాటు చూసి పెదవి విరిచాడు. "మీరు లేచి చెయ్యండి రేపు, నాకు అంతే వచ్చు," అని గుల్జార్ బేగం ఆ గాట్లో పుల్ల దూర్చి బిగించింది.

ముక్కలు పంచాక ఆయన అర్ఫా వైపు తిరిగాడు. చాలాసేపు మాటలు వెతుక్కున్నాడు. ఎవరూ అందించలేదు.

"మీ అత్త... అన్నీ... తప్పు చెప్పింది. వచ్చిన చోట... వచ్చిందే. జరపకూడదు. ఒక్కటొక్కటే... మార్చాలి."

"అలాగే మామయ్యా," అంది అర్ఫా. ఆరు రోజుల తర్వాత ఆ పిల్ల మొహం తేటపడింది.

ఆట మొదలైంది. ఇమాం హుస్సేన్ వంతు వచ్చిన ప్రతిసారీ లాభం దగ్గర్నుంచి లెక్క మొదలవ్వాల్సిందే. ఎనిమిది వస్తే తొందరగా అయ్యేది. నలభై ఏడు వస్తే పున్నమ్మ వెళ్లి మిరపకాయలు తిరగేసి వచ్చేది. వచ్చి, "అయిందా అన్నా? నిదానంగా కానియ్, నా కాయలు ఎటూ పోవు," అనేది. ఆయన చెమటలు కక్కుతున్నాడు. ఒకసారి ముప్పై దాటాక దారి తప్పి, కళ్లు మూసుకుని, మళ్లీ మొదటికి వెళ్లాడు. గుల్జార్ బేగం చాలనలేదు. పడుకుంటారా అని అడగలేదు.

ఎండ వాలుతుండగా మాలిక్ వచ్చాడు. సైకిలు నిలబెడుతూ తండ్రి గొంతు విని, అలాగే ఆ సైకిలు పట్టుకుని ఉండిపోయాడు. తర్వాత చెప్పులు విడిచి వచ్చి తండ్రి వెనక నిలబడ్డాడు. దంటు మీద ఎడమ నుంచి మొదటి నాలుగు ముక్కలు చూశాడు: ఎనిమిది, పంతొమ్మిది, యాభై రెండు, ఇరవై అయిదు. మూడోదీ నాలుగోదీ తిరగబడి ఉన్నాయి. ఆ ముందరే పున్నమ్మ ఇరవై రెండు పడేసింది. తీసుకుంటే సరిపోతుంది. ఇమాం హుస్సేన్‌కి అది కనపడలేదు. దొంతి వైపు చెయ్యి చాపుతున్నాడు.

మాలిక్ చెయ్యి ముందుకు వచ్చింది.

"చెయ్యి తియ్యి," అంది గుల్జార్ బేగం.

"అమ్మా, అది..."

"నీ చెయ్యి తియ్యరా. ఆయన లెక్క ఆయన్ని పెట్టుకోనీ. రాత్రి అన్నం ఆలస్యమైతే అయింది."

మాలిక్ చెయ్యి వెనక్కి పోయింది. ఇమాం హుస్సేన్ చెయ్యి కూడా దొంతి మీద ఆగింది. కొడుకు ఏదో చూశాడు, తను చూడలేదు. అంతవరకు ఆయనకు అర్థమైంది. చెయ్యి వెనక్కి తీసుకుని, దంటు ఎడమ చివర వేలు పెట్టి, మళ్లీ లాభం నుంచి మొదలుపెట్టాడు. ఎనిమిది దగ్గర మొదటి ముక్క తాకాడు. పంతొమ్మిది దగ్గర రెండోది తాకాడు. ఇరవై అయిదు అనేసరికి వేలు మూడోదాన్ని దాటి నాలుగోదాని మీదికి వెళ్లింది. అక్కడ కాసేపు నిలబడింది. ఆయన ఆగకుండా లెక్క సాగించాడు. మాలిక్ నేల మీద గొంతుక్కూర్చున్నాడు. నలభై దాటేసరికి వాడి పెదవులు కూడా చప్పుడు లేకుండా కదులుతున్నాయని గుల్జార్ బేగం చూసింది. యాభై రెండు దగ్గర వేలు వెనక్కి వచ్చి మూడో ముక్కను తాకింది.

లెక్కలో ముందొచ్చింది దంటు మీద వెనకుంది. ఆయనకి తెలిసింది. ఎవరూ చెప్పకుండా తెలిసింది.

పున్నమ్మ పడేసిన ముక్క వంక చూశాడు. దానికి మళ్లీ ఒక లెక్క. ఇరవై రెండు. పంతొమ్మిది తర్వాతా, ఇరవై అయిదుకు ముందూ. ఎడమచేత్తో యాభై రెండు పెరికి పడేసి, ఆ గాట్లో ఇరవై రెండు నిలబెట్టాడు. అది వాలలేదు.

మాలిక్ తల దించుకున్నాడు. ఆయన చేతికర్ర కొసతో కొడుకు మోకాలిని చిన్నగా తట్టాడు. అంతే, జనవరి సంగతి అక్కడితో అయిపోయింది.

ఆట మాత్రం అర్ఫా గెలిచింది. వంతు ఇంకో మూడుసార్లు తిరిగాక, భయం భయంగా, "వరస," అంది. ఇమాం హుస్సేన్ ఆమె దంటు తెప్పించుకుని పది ముక్కలూ లాభం నుంచి తూచి, తల ఊపాడు. తన దంటు మీద ఇంకా రెండు అడ్డంగా ఉన్నాయి. ఆ రెండింటి వంకా కోపంగా చూసి, ముక్కలన్నీ తన ముందుకు పెట్టమని సైగ చేశాడు. మాలిక్‌ని కూడా చాప మీద కూర్చోమన్నాడు. దొంతి కలిపేది మాలిక్, పంచేది తను.

కలుపుతుండగా భార్య వైపు తిరిగాడు.

"నువ్వు... కావాలనే చెప్పావు. తప్పు."

"నాకు ఆట ఎవరు నేర్పారో వాళ్లనడగండి," అంది గుల్జార్ బేగం.

ఆయన మూతి ఒక పక్కకే నవ్వింది. రెండో పక్క ఇంకా రాలేదు. గడువు ఇంకా నెలన్నర ఉంది. రేపు ఇదే వేళకి చాప పరవాలి, ఎల్లుండి కూడా. పున్నమ్మ లేచి వెళ్లి కాయల మీద పట్టా కప్పి, పరుగున వచ్చి తన చోట కూర్చుంది.

కొత్త కోడలు ముందు, తర్వాత గుల్జార్ బేగం, పున్నమ్మ, మాలిక్, ఆఖర్న తను. ఎడమచేత్తో ఒక్కో ముక్కే తీసి వేస్తున్నాడు. "లాభమూ... రెండూ... మూడూ..." పదకొండో ముక్క అర్ఫా ముందు పడింది. తర్వాతది వేళ్లలోంచి జారి మంచం కిందికి పోయింది. మాలిక్ వంగబోయి, వంగకుండా ఆగాడు. ఇమాం హుస్సేన్ చేతికర్ర చాపి, ముక్కను మెల్లగా ముందుకు లాక్కుని, వంగి తీసుకుని, ఊపిరి సర్దుకున్నాడు.

"పన్నెండూ," అని గుల్జార్ బేగం ముందు వేశాడు.